తోక చుట్టుకోని క్రాఫిష్

లాఫయెట్,
ఆదివారం, 5 ఏప్రిల్ 1981

ఓవీడ్ మావయ్యకి,

నీ కుడి చెవి ఎలా ఉంది? ఎడమ చెవి పోయి చాలా కాలమైంది కాబట్టి దాని సంగతి అడగను. ఫోనులో నా గొంతు కప్ప అరిచినట్టు ఉంటుందన్నావుగా, అందుకే ఉత్తరం.

మొన్న శుక్రవారం సాయంత్రం మీ ఊరొచ్చాను. కోప్పడకు. నీ ఇంటి ముందునుంచే వెళ్ళాం. వరండాలో దీపం వెలుగుతోంది. "మావయ్య గారింటి దగ్గర ఆగుదామా?" అని అతను అడిగాడు కూడా. నేనే వద్దన్నాను. ఆగితే నువ్వు కూర్చోబెట్టి, కాలవ మీద పంటు పడవ నడిపిన రోజుల కథలు మొదలుపెడతావు, మేం భోజనానికి లేచేసరికి ఈస్టరు వచ్చేస్తుంది.

అతనెవరో చెప్పలేదు కదూ. క్లోవిస్ గిడ్రోజ్. చిత్తడి అడవిలో తీగ బుట్టలు వేసి రొయ్యల్లాంటి ఆ క్రాఫిష్ పడతాడే, అతనే. బెర్నిస్ పెళ్ళిలో నాతో డాన్సు చేశాడు. ఆ తర్వాత రెండుసార్లు ఫోను చేసి రెండుసార్లూ వాన గురించే మాట్లాడాడు. మూడోసారి, "శుక్రవారం ఎర్లీన్ హోటల్‌కి వెళ్దామా?" అన్నాడు. ఆ ఒక్క ముక్క అనడానికి ఎంతసేపు గుటకలు మింగాడో!

ఎందుకు ఒప్పుకున్నానో నీకొక్కడికే చెబుతున్నాను. మా ఆయన రెమీని మన ఊళ్ళకి దిగువనున్న ఆ గల్ఫ్ సముద్రం మింగి నాలుగేళ్ళయింది. ఈ జిల్లాలో పెళ్ళీడు మగాడల్లా సముద్రంలో చమురు తీసే రిగ్గుల మీదకో, వాటికి సరుకు మోసే పడవల మీదకో పోతున్నాడు. నాకు డబ్బున్నవాడు అక్కర్లేదు మావయ్యా. చీకటి పడేలోపు వెనక గుమ్మం దగ్గర బూట్లు విప్పి లోపలికొచ్చేవాడు కావాలి. క్లోవిస్ అలాంటివాడు. అడవి అతన్ని రోజూ తిరిగి పంపించేస్తుంది.

హోటల్ కిటకిటలాడుతోంది. ఈస్టరు ముందరి తపస్కాలపు శుక్రవారం కదా, మాంసం మానినవాళ్ళంతా అక్కడే. బల్ల మీద పాత పేపర్లు పరిచి, పళ్ళెం నిండా పొగలు కక్కుతూ తెచ్చి పెట్టారు. క్లోవిస్ చేతులు తుడుచుకుని ఒలవడం మొదలుపెట్టాడు. ఒలిచినవి తన ముందు పెట్టుకోలేదు, నా ముందు పెట్టాడు. మన ఊళ్ళో, నలుగురూ చూస్తుండగా, మగాడు ఆడదానికి క్రాఫిష్ ఒలిచి పెట్టాడంటే ఫాదర్ గుడిలో పెళ్ళి ప్రకటన చదివినట్టే కదా! పక్క బల్ల వాళ్ళు మోచేతులతో పొడుచుకోవడం కనబడుతూనే ఉంది. నాకు ముక్కు కారుతోంది, కళ్ళు మండుతున్నాయి, అయినా ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

నేనూ ఒలుస్తున్నాను. అలవాటు కొద్దీ తోక చుట్టుకోనివి ఏరి పక్కన పెడుతున్నాను. మామూలుగా ఒకటో రెండో తగుల్తాయి. ఆ రోజు నా మోచేతి దగ్గర కుప్ప పడ్డాయి.

"అవెందుకు తీసేస్తున్నావు?" అన్నాడు, మెల్లిగా.

"తోక చుట్టుకోలేదంటే చచ్చాక ఉడికినవే కదా. రెమీ అనేవాడు, తోక చుట్టుకోనిదాన్ని పిల్లికి కూడా పెట్టకూడదని," అని నవ్వాను.

అప్పుడే ఎర్లీన్ మా పక్కనుంచి వెళ్తూ ఆగింది. కుప్పని చూసింది, క్లోవిస్‌ని చూసింది, వెళ్ళిపోయింది. అంతే. అతను ఒలవడం మానేశాడు. బిల్లు కట్టి, నన్ను లాఫయెట్‌లో దింపి, "మంచిది, ఎలోడీ," అని ట్రక్కు తిప్పుకుని వెళ్ళిపోయాడు.

రెమీ పేరు ఎత్తినందుకా? మొదటిసారి భోజనానికి వెళ్ళి మొగుడి పేరు తలుచుకునే మూర్ఖురాలు ఎవరైనా ఉంటారా? నువ్వు ఆ మనిషిని ఎరుగుదువు. ఏం జరిగిందో చెప్పు. ఎవరితోనూ అనకు.

నీ మేనకోడలు,
ఎలోడీ

*

ఆన్స్ క్లేర్,
మంగళవారం, ఏప్రిల్ 7

అమ్మాయీ ఎలోడీ,

నా ఇంటి ముందునుంచి వెళ్ళి ఆగకుండా పోయావు. సరే. వంతెన వచ్చినప్పటినుంచీ అందరూ అంతే. నేను పంటు నడిపిన రోజుల్లో నన్ను దాటి వెళ్ళినవాడు ఒక్కడు లేడు. గవర్నరైనా సరే, గొడ్డైనా సరే, కాలవ దాటాలంటే నా తాడు పట్టుకోవాల్సిందే, నా మాట వినాల్సిందే. ఆ ఖాళీల్లోనే కదా నేను చదువు నేర్చుకున్నది. పంచాంగం, మందు సీసాల మీద చీటీలు, ప్రయాణికులు వదిలేసిన పేపర్లు, ఇవే నా బడి. కాలేయం గురించి నాకు తెలిసినంత డాక్టరుకి కూడా తెలియదు.

ఇక నీ సంగతి. నువ్వు రెమీ పేరు గురించి దిగులు పడుతున్నావు. పిచ్చిదానా, ఎర్లీన్ హోటల్లో శుక్రవారం నాడు ఉడికేవి ఎవరి క్రాఫిష్ అనుకున్నావు? క్లోవిస్‌వే! ఏళ్ళ తరబడి ఆమెకి సరుకు ఇస్తున్నది అతనే. తను పట్టినవే నీకు తినిపించి చివర్లో చెబుదామని తీసుకొచ్చి ఉంటాడు. నువ్వు వాటిని అతని కళ్ళెదురుగా, హోటల్ యజమానురాలి కళ్ళెదురుగా కుప్ప పోశావు.

నీ తప్పేం లేదు. నేనొకటి అడుగుతాను, కుప్ప పడేన్ని ఎక్కణ్ణించి వచ్చాయి? అడవి నుంచి రేవుకి, రేవు నుంచి కొట్టుకి తిన్నగా తెచ్చినవాడి సంచిలో అన్ని చావవు. నిన్నటివి ఇవాళ్టి వాటిలో కలిపేవాడి సంచిలోనే చస్తాయి. గిడ్రోజ్ వాళ్ళ ముత్తాత పుచ్చకాయల్ని నీళ్ళలో నానబెట్టి తూకానికి అమ్మేవాడని మా నాన్న చెప్పేవాడు. పుచ్చకాయ నీళ్ళు పీలుస్తుందా అని అడక్కు, నాకూ అనుమానమే. రక్తంలో ఉంటుంది అంటున్నాను, అంతే. మొదటి భోజనానికే చచ్చినవి పెట్టిన మనిషి, అమ్మాయీ, ముందు ముందు ఏం పెడతాడు? మానుకో.

అతనికి తెలుసు కూడా. ఆ శుక్రవారం మధ్యాహ్నం నొయెల్ మంగలి షాపుకి క్షవరానికి వచ్చాడు. నేను అప్పటికే కుర్చీలో ఉన్నాను. పంటు దిగనని భీష్మించిన కంచర గాడిద కథ చెబుతున్నాను, నీకు తెలుసుగా, పొద్దుట్నించి సాయంత్రం దాకా ఇటూ అటూ తిరిగిందే, అది. నొయెల్ నవ్వు ఆపుకోలేక కత్తెర కింద పెట్టేశాడు. క్లోవిస్ మాత్రం కూర్చోలేకపోయాడు. కిటికీ దగ్గరికి వెళ్ళడం, బయట ట్రక్కు వైపు చూడడం, మళ్ళీ వచ్చి కూర్చోవడం. మనసులో పాపం ఉన్నవాడికి కథ రుచించదు.

నువ్వు ఎవరితోనూ అనవద్దన్నావు. ఎవరితోనూ అనలేదు. నొయెల్‌తో అన్నాను. ఆ సమయానికి షాపులో ఉన్నవాళ్ళు విని ఉంటే అది వాళ్ళ చెవుల సంగతి. నాలాగా ఒక చెవే ఉంటే ఎంత బాగుండేది!

నీ మేలు కోరే మామ,
ఓవీడ్

*

లాఫయెట్,
శుక్రవారం, ఏప్రిల్ 10

మావయ్యకి,

ఈ ఉత్తరం కోపంతో రాస్తున్నాను. స్కూలు వంటగదిలో నేను వండుతున్న చేపల పులుసు పొయ్యి మీద ఉంది, మాడినా పట్టించుకోను.

నీ గాడిద కథ ఎంతసేపు చెప్పావు? అది చెప్పు ముందు.

శుక్రవారం అతను నన్ను తీసుకెళ్ళడానికి వచ్చినప్పుడు మెడ వెనక కొత్తగా గొరిగిన చోట తెల్లటి గీత కనబడింది. ఎండకి కమిలిన మెడ మీద ఆ తెలుపు చూసి నాకు నవ్వొచ్చింది, ముద్దు కూడా వచ్చింది. నా కోసం గొరిగించుకున్నాడు మావయ్యా. ఎర్లీన్‌కి సరుకు దింపేలోపు గబగబా క్షవరం చేయించుకుందామని వచ్చి ఉంటాడు. వస్తే నువ్వు కుర్చీలో ఉన్నావు. నొయెల్ కత్తెర కింద పెట్టాడన్నావు. క్లోవిస్ మాటిమాటికీ ట్రక్కు వైపు చూశాడన్నావు. ఆ ట్రక్కులో ఏముందనుకున్నావు? ఎండలో, తడి గోనెల్లో, బతికున్న క్రాఫిష్!

నిన్న అతని ఇంటికి ఫోను చేశాను. వాళ్ళ చెల్లెలు ఎత్తింది. "అన్నయ్య ఫోను దగ్గరికి రాడు," అంది. ఆపైన, "బుధవారం ఎర్లీన్ సంచులు దింపించుకోలేదు. రేవులో కొనే దళారి కూడా, జనం ఏదో అనుకుంటున్నారయ్యా, కొన్నాళ్ళు ఆగు అన్నాడు," అంది. జనం ఎక్కడ అనుకుంటున్నారో ఆ అమ్మాయికి తెలియదు. నాకు తెలుసు.

నువ్వు వెళ్ళి దీన్ని సరిచెయ్యి. ఎర్లీన్‌కి చెప్పు, క్లోవిస్‌కి చెప్పు. సంచుల సంగతి చెప్పు, నీ కథ సంగతి చెప్పు. కానీ నేను నీకు రాసిన ఆ రెండో సంగతి, గల్ఫ్ గురించీ సాయంత్రాల గురించీ రాసింది, ఒక్క ముక్క నీ నోట్లోంచి బయటపడిందా, ఇక నీకు మేనకోడలు లేదు. అది నేను చెప్పుకోవలసింది.

ఎలోడీ

*

ఆన్స్ క్లేర్,
బుధవారం, ఏప్రిల్ 15

అమ్మాయీ,

కథ అంతసేపు చెప్పలేదు. నొయెల్ గంట అంటాడు గానీ వాడు గడియారం సరిగ్గా చూడలేడు.

నీ ఉత్తరం అందిన రోజే ఎర్లీన్ దగ్గరికి వెళ్ళాను. వెనక షెడ్డులో పెద్ద గంగాళాల ముందు నిలబడి ఉంది, మొహం క్రాఫిష్ కన్నా ఎర్రగా ఉంది. నన్ను చూడగానే తెడ్డు ఎత్తింది.

"రావయ్యా ఓవీడ్, రా. ఇవాళ ఎవరి కొంప ముంచుదామని?"

"ముంచడానికి కాదు తల్లీ, తేల్చడానికి," అని మొత్తం చెప్పాను, క్షవరం, ట్రక్కు, ఎండ. గాడిద పేరెత్తగానే, "ఆపు!" అంది.

"చుట్టుకోని తోకలు నాకు కొత్తా? ఎండ ముదిరితే ఎవడి సంచిలోనైనా నాలుగు చస్తాయి. ఆ రోజు కాస్త ఎక్కువ చచ్చాయి. బుధవారం వాడు వస్తే నాలుగు తిట్టి మర్చిపోయేదాన్ని. నువ్వు ఊళ్ళో చాటావు చూడు, నిన్నటి వాటిని కలుపుతున్నాడని! ఇప్పుడు వచ్చినవాడల్లా ఒక్కొక్క తోకనీ దీపానికి ఎత్తి చూస్తున్నాడు, రాగిడబ్బు చెల్లుతుందో లేదో చూసినట్టు. తపస్కాలం పోతే నాకు ఏడాది పోయినట్టే. వాణ్ణి ఈస్టరు తర్వాత రమ్మను. వాడే వచ్చి అడగాలి. నువ్వు కాదు."

సగం తేలిందనుకున్నాను. అక్కణ్ణించి క్లోవిస్ ఇంటికి వెళ్ళాను. పెరట్లో బుట్టలన్నీ ఒకదాంట్లో ఒకటి దూర్చి పేరుస్తున్నాడు. చెప్పాల్సింది చెప్పాను. అతను కోపగించుకుంటాడనుకుని గేటు దగ్గరే నిలబడి చెప్పాను, పరిగెత్తడానికి వీలుగా. కోపగించుకోలేదు. కాఫీ ఇచ్చాడు. అదే ఎక్కువ బాధగా ఉంది.

"మీదేం లేదు ఓవీడ్ గారూ," అన్నాడు. "సంచులు నావి. నీడలో పెట్టుకోవలసింది నేను. అద్దంలో చూసుకోవాలన్న తొందరలో వాటిని మర్చిపోయాను. ఆవిడ అన్నదాంట్లో తప్పేముంది? రెమీ ఉంటే అలాంటివి ఆవిడ ముందు పెట్టేవాడు కాదు."

"ఎర్లీన్ ఈస్టరు తర్వాత రమ్మంటోంది," అన్నాను.

"దేనికండీ? ఎలోడీ గల్ఫ్ మనిషితో కాపురం చేసింది. నెలకి రెండు జీతపు చెక్కులు, శుభ్రమైన చేతులు. నేను వారం పొడుగునా ఎర వాసనేస్తుంటాను. పడవల కంపెనీలో సంతకం పెట్టి వచ్చాను. మంగళవారం తెల్లారి వ్యాను వస్తుంది. మూడు వారాలు సముద్రం మీద, వారం ఇంటి దగ్గర. కొన్నాళ్ళు చేసి వస్తే అప్పుడు మొహం చూపించొచ్చు."

అప్పుడు నా నాలుక చివరిదాకా వచ్చింది అమ్మాయీ. ఒరే వెర్రివాడా, ఆ పిల్లకి కావలసింది అది కాదురా అని. కానీ నువ్వు ఏమని రాశావు? ఒక్క ముక్క బయటపడకూడదని. ఓవీడ్ నోట్లో మాట ఆగదని ఊరంతా అంటుంది కదా. ఆగింది. కాఫీ పూర్తిగా తాగి, కప్పు కడిగి బోర్లించి, "మంచి పని బాబూ, జాగ్రత్త," అని వచ్చేశాను. ఇంటిదాకా నోరు తెరవలేదు. దార్లో నొయెల్ పలకరిస్తే చెయ్యి ఊపాను.

నామీద నీ కోపం ఇప్పటికైనా కాస్త తగ్గుతుందనుకుంటాను.

మాట నిలబెట్టుకున్న నీ మామ,
ఓవీడ్

*

లాఫయెట్,
సోమవారం, ఏప్రిల్ 20

మావయ్యా,

నీ ఉత్తరం శనివారం అందింది. చదివి, నవ్వాలో, నీ వరండా దాకా వచ్చి దీపం పగలగొట్టాలో తెలియలేదు. పుట్టి బుద్ధెరిగాక ఒక్కసారి మాట దాచావు. దాచకూడని ఆ ఒక్కటే దాచావు. నిన్ననడానికి లేదు, దాచమన్నది నేనే.

నిన్న ఈస్టరు పూజ అయ్యాక తిన్నగా అతని ఇంటికి వెళ్ళాను. పెరట్లో పిల్లలు రంగు గుడ్లు కొట్టుకుని పందేలు ఆడుతున్నారు. మేమిద్దరం పడవ దగ్గరికి నడిచాం. పడవని గట్టుకి లాగి బోర్లా వేసేశాడు.

చెప్పాను మావయ్యా. నీకు రాసినదంతా నా నోటితో చెప్పాను. నాకు జీతపు చెక్కులు అక్కర్లేదన్నాను. రెమీ చెక్కు అతను పోయిన తర్వాత కూడా ఒకటి వచ్చిందని, దాన్ని మార్చుకోవడానికి బ్యాంకులో వరసలో నిలబడ్డానని చెప్పాను.

అతను వినీ వినీ, "ఆ బల్ల దగ్గరే ఇది చెప్పి ఉంటే," అన్నాడు.

"ఆ బల్ల దగ్గరే ఆ క్రాఫిష్ నువ్వు పట్టినవని చెప్పి ఉంటే," అన్నాను.

"సంతకం పెట్టేశాను ఎలోడీ."

"కొట్టెయ్యి."

"ఊళ్ళో ఇప్పటికే నన్ను చచ్చిన సరుకు అమ్మేవాడు అంటున్నారు. ఇచ్చిన మాట తప్పేవాడు అని కూడా అనిపించుకోమంటావా? ఆర్నెల్లు. ఆర్నెల్లకే రాశాను. నువ్వు ఊ అంటే ఆ తర్వాత మళ్ళీ ఆ నీళ్ళ వైపు చూడను."

నేను ఊ అనలేదు. "రేవు దగ్గరికి రాను, ఉత్తరాలు రాయను, ఎదురుచూడను. ఒకసారి చూశాను, చాలు," అన్నాను. అతను తల ఊపాడు. గుడ్డు పందెంలో ఓడిన పిల్లెవరో ఏడుస్తూ వచ్చి అతని కాలు పట్టుకుంది. ఎత్తుకున్నాడు. నేను వచ్చేశాను.

సరిగ్గా చేశానా లేదా అని నువ్వు రాయకు. నాకు ఎవరి అభిప్రాయమూ వద్దు.

ఎలోడీ

*

ఆన్స్ క్లేర్,
బుధవారం, ఏప్రిల్ 22

అమ్మాయీ,

అభిప్రాయం రాయను. జరిగింది రాస్తాను, అందులో నా అభిప్రాయం ఏదైనా కనబడితే కొట్టేసుకుని చదువు.

నిన్న తెల్లారి కరకట్ట దగ్గరికి వెళ్ళాను, ముసలాళ్ళకి నిద్ర ఎలాగూ పట్టదు కదా. క్లోవిస్ వచ్చాడు, భుజాన ఒక గుడ్డసంచీ, కాళ్ళకి కొత్త బూట్లు. ఆ బూట్లు కరుస్తున్నాయని నడకలోనే తెలిసిపోతోంది. వంతెన మీద పొగమంచు ఉంది. వంతెన లేని రోజుల్లో అయితే ఆ పొగమంచులో పంటు కట్టేసి, "ఇవాళ దాటేది లేదు నాయనా," అని వెనక్కి పంపేవాణ్ణి. వ్యాను దేనికీ ఆగదు.

"ఆ రోజు నీ క్షవరం కాగానే గాడిద కథ సగంలో లేచి వెళ్ళావు, చివర వినలేదు," అన్నాను. తెలివితక్కువ మాటే. అతను నవ్వాడు. "దాచండి ఓవీడ్ గారూ, వచ్చాక వింటాను," అన్నాడు. వ్యాను ఎక్కి, కిటికీ దించి, నీ గురించి ఏదో అడగబోయాడు. అడగలేదు. నేనూ చెప్పలేదు, చెప్పడానికి నువ్వు ఏమీ మిగల్చలేదు కదా.

ఎర్లీన్ అతని చోటు ఎవరికీ ఇవ్వనంటోంది. సరుకు తక్కువై శుక్రవారాలు సగం బల్లలు ఖాళీగా ఉంటున్నాయి. నన్ను చూస్తే మాత్రం తెడ్డు ఎత్తుతూనే ఉంది. నొయెల్ షాపుకి నేను ఈ మధ్య వెళ్ళడం లేదు. జుట్టు చెవుల మీదికి దిగింది.

ఓవీడ్

*

లాఫయెట్,
ఆదివారం, 3 మే

మావయ్యకి,

జుట్టు కత్తిరించుకో. నొయెల్ నీకేం అపకారం చేశాడు?

ఇక్కడ స్కూలుకి ఇంకో నెలలో సెలవులు. నిమ్మచెట్టు పూసింది. పక్కింటావిడ కొత్తగా కొన్న కోడిపుంజు మధ్యాహ్నం కూస్తుంది, దానికి ఎవరైనా పంచాంగం చదివి వినిపించాలి. ఇవి చెప్పడానికే ఉత్తరం మొదలుపెట్టాను. నీకూ నాకూ ఒకటే జబ్బు, అసలు సంగతి దగ్గరికి రావడానికి ఊరంతా తిరుగుతాం.

రేడియోలో సాయంత్రం వార్తల తర్వాత గల్ఫ్ వాతావరణం చెబుతారు, గుర్తుందా? పడవల మీద పనిచేసేవాళ్ళ కోసం. రెమీ ఉన్నప్పుడు రోజూ వినేదాన్ని. అతను పోయాక, వార్తలు అవుతూనే రేడియో కట్టెయ్యడం అలవాటయింది. నాలుగేళ్ళలో ఒక్కరోజు కూడా తప్పలేదు.

ఇవాళ గిన్నెలు కడుగుతున్నాను. వార్తలు అయ్యాయి. కట్టెయ్యడానికి చెయ్యి చాచాను. చేతికి సబ్బు ఉందనుకున్నాను, తుడుచుకుని కట్టేద్దామనుకున్నాను. ఈలోపు వాతావరణం చదివే ఆయన మొదలుపెట్టాడు. ఆగ్నేయం నుంచి గాలి, అలలు నాలుగు నుంచి ఆరు అడుగులు, రేపటికి పెరగవచ్చు, చిన్న పడవలు జాగ్రత్త పడాలి.

అతనున్నది చిన్న పడవో పెద్ద పడవో నేను అడగలేదు మావయ్యా. నీకు తెలిస్తే రాయి.

కుళాయి కట్టేసి, తడి చేతులతో అలాగే నిలబడి చివరిదాకా విన్నాను. పొద్దున్న ఐదింటికి మళ్ళీ చెబుతారట.

ఎలోడీ